నిమ్మరసంతో రాసిన పేరు

హైదరాబాదు,
బి.ఎడ్. కాలేజి హాస్టల్,
9 జులై 2000.

సిద్దమ్మ వదిన గారికి,

నమస్కారం. మీరు పంపిన మక్క గారెలు మీ తమ్ముడు తెచ్చి ఇచ్చారు. గదిలో అమ్మాయిలు నాకు ఒకటే మిగిల్చారు. ఆయనకు మాదాపూర్‌లో కాంక్రీటు లారీ పని రాత్రీ పగలూ ఉందట. సైటులోనే పడుకుంటున్నారు. ఆ వైపు ఎటు చూసినా కొత్త భవనాలే లేస్తున్నాయి. నా చదువు ఈ ఏడాదితో అయిపోతే ఎక్కడో ఒకచోట టీచరు ఉద్యోగం దొరుకుతుంది. మా పాప సుధను మా దగ్గరకు తెచ్చుకుంటాం. అప్పటిదాకా దాని భారం మీదే.

వాన పడితే బడి కప్పు కారుతోందని పిల్లల్ని ఇళ్లకు పంపేస్తున్నారని సుధ రాసింది. తొమ్మిదేళ్ల పిల్లను ఊరికే కూర్చోబెట్టకండి. కాలేజీలో నేను తీసుకున్న ప్రాజెక్టు కూడా అలాంటిదే. వాన రోజుల్లో ఇంట్లో దొరికే వస్తువులతో పిల్లలు చేయగల సైన్సు పనులు. సుధ చేసి చూపిస్తే నాకూ పనికొస్తుంది.

మొదట ఒక సీసా పైభాగం కోసి, బయట స్కేలు గీతలు గీసి వాకిట్లో పెట్టమనండి. ఎంత వాన పడిందో రోజూ చూడాలి. తర్వాత గ్లాసు నీళ్లలో గుడ్డు వేస్తే మునుగుతుంది. ఉప్పు కలుపుతూ పోతే తేలుతుంది. మూడోది, పసుపు కలిపిన నీళ్లలో కాస్త తాంబూలం సున్నం వేయాలి. నీళ్లు ఎర్రగా మారతాయి. ఎందుకు మారాయో వెంటనే చెప్పకండి. దాన్నే ఆలోచించనివ్వండి.

ఏం జరిగిందో రాయండి. మీ కుట్టుపని మధ్యలో శ్రమ ఇస్తున్నాను.

మీ మరదలు,
అరుణకుమారి


ఇబ్రహీంపట్నం,
18 జులై 2000.

అరుణకు,

ఇక్కడ క్షేమం. బోనాల నెల కాబట్టి జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. మిషను మీద నుంచి లేవకుండానే నీ పనులన్నీ చేయించాను.

సీసా వాకిట్లో పెట్టాము. మొదటి రోజు కుక్క తోసేసింది. ఇప్పుడు రెండు ఇటుకల మధ్య పెట్టాము. గుడ్డు తేలింది. కానీ నీళ్లలో పోసిన ఉప్పు నాకు వారం రోజుల కూరలకు సరిపోయేది. గుడ్డు సుధే తిన్నది.

పసుపు నీళ్లు ఎర్రగా అయినప్పుడు పిల్ల సంతోషం చూడాలి. చెంబుల కొద్దీ కలిపింది. పెరట్లో నీళ్లు పోయే మోరీ మూసుకుపోయి ఉంది. నేను మిషను మీద ఉండి గమనించలేదు. అది ఆ ఎర్రనీళ్లన్నీ తీసుకుపోయి మూడు బాటలు కలిసే మూలలో పారబోసింది. ఆ రోజు మంగళవారం. ఎదురింటి సుక్కమ్మ చూసింది. వచ్చి, "ఎవరికి దిష్టి తీసినవ్ సిద్దక్కా?" అని అడిగింది. పిల్ల ఆట అని చెప్పాను. "ఆటకు మూడు బాటల కాడికి పోతరా?" అన్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇకమీదట నీళ్లు పెరట్లోనే పోయమని సుధకు చెప్పాను.

నీకు ఫోను చేద్దామంటే ఇక్కడ ఉన్న ఒక్క ఫోన్ల దుకాణం సుక్కమ్మ కొడుకు శ్రీపాల్‌ది. అక్కడ మాట్లాడేది వాడంతా విన్నట్టే. ఉత్తరమే మంచిది.

సిద్దమ్మ


హైదరాబాదు,
23 జులై 2000.

వదిన గారికి నమస్కారం.

మీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. కుక్క సీసాను తోసిన సంగతి మా లెక్చరర్ గారికి కూడా చెప్పాను. ఆవిడ నవ్వి, అది కూడా ప్రాజెక్టులో రాయమన్నారు.

సుక్కమ్మ గారి మాట పట్టించుకోకండి. ఎర్రనీళ్లు మా వైపు పెళ్లికూతురికి దిగదుడిచి గుమ్మం ముందు పోస్తారు. మీ దగ్గరా పోస్తారు కదా. ఆవిడను కూడా పిలిచి ఒకసారి చూపిస్తే సరిపోతుంది.

ఇప్పుడు రెండో మెట్టు. ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది. తప్పకుండా చేయించండి. ఇంకొకటి సుధకు బాగా నచ్చుతుంది. నిమ్మరసంలో పుల్ల ముంచి తెల్లకాగితం మీద ఏదైనా రాయాలి. ఆరిపోతే ఏమీ కనపడదు. మీ ఇస్త్రీ పెట్టె వేడిగా ఉన్నప్పుడు కాగితం మీద పెడితే అక్షరాలు గోధుమ రంగులో బయటపడతాయి. స్నేహితులకు రహస్యంగా రాసి ఇచ్చుకోవచ్చు. ఒక్కతే చేసుకునే కంటే ఇద్దరు పిల్లలు కలిసి చేస్తే మంచిదని మా పుస్తకాల్లో ఉంది. సుక్కమ్మ గారి మనుమడు ఉన్నాడు కదా, ఆ బాబును కూడా కలుపుకోమనండి.

ఆగస్టు నెలాఖరుకు ప్రాజెక్టు ఇవ్వాలి.

ఉంటాను.
అరుణ


ఇబ్రహీంపట్నం,
5 ఆగస్టు 2000.

అరుణకు,

వారంగా ముసురు. బడి మూశారు. నిమ్మకాయ పని ఇంక వద్దు. పసుపు కూడా వద్దు. కాగితం పడవలు చాలు.

కారణం రాస్తాను. ఎదురింటి సుక్కమ్మ మనుమడు అమరేందర్, శ్రీపాల్ కొడుకు, సుధ తోటివాడు. సుధ వాడి పేరును నిమ్మరసంతో రాసి, మడిచి, వాడి చేతికి ఇచ్చింది. ఇంటికి పోయి వేడి మీద పెట్టి చూడమంది. వాడు పొయ్యి దగ్గర పట్టుకుంటే అంచు కాలింది, పేరు బయటపడింది. వాడు సంబరపడి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు అమావాస్య అని నాకు తర్వాత గుర్తొచ్చింది. మర్నాటి నుంచి వాడికి జ్వరం. కాంపౌండరు దానియేలు గోలీలు ఇచ్చాడు. తగ్గలేదు. అంగీ ఉతకబోయి సుక్కమ్మ ఆ కాగితం చూసింది.

మూడు బాటల మీద ఎర్రనీళ్లు, నిమ్మకాయ, పేరు రాసి కాల్చిన కాగితం. నీ కాలేజీలో వీటికి ఏ పేరు ఉందో నాకు తెలియదు. ఇక్కడ బాణామతి అంటారు. ఆ మాట ఇంకా ఎవరూ నా ముఖం మీద అనలేదు. కానీ కుట్టడానికి ఇచ్చిన జాకెట్లు కుట్టకుండానే వెనక్కి తీసుకుపోతున్నారు. మొగుడు పోయిన ఆడది ఒంటరిగా ఉంటే ఇలాంటి మాట తొందరగా అతుక్కుంటుంది.

తమ్ముడికి చెప్పకు. వాడు లారీ వదిలేసి కొట్లాటకు వస్తాడు.

సుధకు ఏమీ తెలియదు. సీసాలో వాన నాలుగు గీతలు దాటిందని నీకు రాయమంది.

సిద్దమ్మ


హైదరాబాదు,
10 ఆగస్టు 2000.

వదిన గారికి,

మీ ఉత్తరం చదివి రాత్రంతా కోపంగా ఉంది. మీ మీద కాదు. కానీ ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు పదో తరగతి పాసయ్యారు. ఆ రోజుల్లో మీ ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లు చదివారు? మీరే భయపడి పడవలు చాలంటే సుధ ఏం నేర్చుకుంటుంది? వాళ్లు అన్నదానికి మీరు ఆపేస్తే, నిజంగానే ఏదో చేసి ఆపేశారని అనుకోరా?

బాబుకు వారం దాటి జ్వరం ఉంటే గోలీలతో లాభం లేదు. రక్తపరీక్ష చేయించాలి. పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లమని చెప్పండి.

మీకు చెప్పడం ఇబ్బందిగా ఉంటుందని నేనే సుక్కమ్మ గారికి ఒక ఉత్తరం రాసి ఈరోజు పోస్టు చేశాను. నిమ్మరసంలో ఆమ్లం ఉంటుందనీ, వేడికి అది కాగితం కంటే ముందుగా మాడుతుందనీ, అందుకే అక్షరాలు కనిపిస్తాయనీ వివరంగా రాశాను. ఆ పేరు రాసింది మీరు కాదు, మా సుధేనని, అది పిల్లల ఆట అని స్పష్టంగా చెప్పాను. ఇక మీ మీద అనుమానం ఉండదు.

సబ్బు, మిరియాల పొడితో ఒక పని ఉంది. అది వచ్చే ఉత్తరంలో.

అరుణ


ఇబ్రహీంపట్నం,
16 ఆగస్టు 2000.

అరుణా,

సుక్కమ్మకు ఎందుకు రాశావు? నన్ను ఒక్క మాట అడగాల్సింది.

ఆమెకు చదువు రాదు. శ్రీపాల్ తన దుకాణంలో నిలబడి పైకి చదివాడు. ఫోన్లకు వచ్చిన వాళ్లంతా విన్నారు. ఆమ్లం సంగతి ఎవరికీ గుర్తు లేదు. పేరు రాసింది సుధ అన్న మాట ఒక్కటే గుర్తుంది.

ఇన్నాళ్లూ నన్ను చూసి గొణుక్కున్నారు. ఇప్పుడు పిల్లను చూస్తున్నారు. నిన్న బోరింగు దగ్గర ఒకామె దాని చెయ్యి పట్టుకుని, "ఎవరు నేర్పిండ్రే నీకు? మీ అత్తనా?" అని అడిగిందట. "మా అమ్మ నేర్పింది. ఇంకా మస్తు నేర్పుతది" అని ఇది చెప్పింది. గొప్పగా చెప్పుకుంది పాపం. ఆమె బిందె అక్కడే వదిలేసి పోయింది.

దవాఖాన మాట నేను చెప్పడానికి లేదు. నేను గడప తొక్కితే సుక్కమ్మ తలుపు వేసుకుంటోంది. పిల్లవాడు లేవడం లేదట. కడుపు ఉబ్బిందట. వాడికి ఏమన్నా అయితే ఏం జరుగుతుందో నువ్వు తెలుసుకోవాలి. బాణామతి చేసేవాళ్లకు ఇక్కడ పళ్లు ఊడగొడతారు. మంత్రం పలకకుండా. నా చిన్నప్పుడు మా అమ్మగారి ఊళ్లో ఒకామెను అలా చేశారు. ఆమె తర్వాత చాలా ఏళ్లు బతికింది. చిన్నపిల్లలను ఏం చేస్తారో నేను చూడలేదు. చూడాలని లేదు.

సుధను తీసుకుపో. ఈ వారమే. హయత్‌నగర్‌లో మీ నాన్నగారి ఇంట్లో ఉంచు. సబ్బూ మిరియాలూ ఏమీ పంపకు.

సిద్దమ్మ


హైదరాబాదు,
19 ఆగస్టు 2000.

వదిన గారికి,

మీరు రాసినదాంట్లో సగం నమ్మాలనిపించడం లేదు. ఇక్కడికి గంటన్నర దూరంలో, ఈ రోజుల్లో, తొమ్మిదేళ్ల పిల్లను ఎవరైనా ఏదైనా చేస్తారా?

మీకు చెప్పకుండా రాయడం నా తప్పే. దానికి మీరు ఎంత కోప్పడినా పడతాను. కానీ పిల్లను ఇంట్లోంచి పంపేసేంత కోపమా? మా నాన్నగారి సంగతి మీకు తెలియనిది కాదు. మీ తమ్ముణ్ని చేసుకున్నప్పటి నుంచి ఆయన నా ముఖం చూడలేదు. సుధను ఆయన ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడు నా అవసరానికి తీసుకువెళ్లి ఆ గుమ్మంలో ఎలా దింపను?

ఈ నెల ఇరవై ఆరుతో టీచింగ్ ప్రాక్టీసు అయిపోతుంది. మధ్యలో మానేస్తే ఏడాది పోతుంది. ఇరవై ఏడున తప్పకుండా వస్తాను. అప్పటిదాకా దాన్ని ఇల్లు దాటనివ్వకండి. మీకు బరువైందని అర్థమైంది. ఇంకొక్క వారం.

అరుణ


ఇబ్రహీంపట్నం,
25 ఆగస్టు 2000.

అరుణా,

నువ్వు ఇక్కడికి రావద్దు. హయత్‌నగర్ పో. సుధ మీ నాన్నగారి ఇంట్లో ఉంది. బాగుంది. మిగతాది నెమ్మదిగా చదువు.

పోయిన ఆదివారం వాడ పెద్దమనిషి అంజిలయ్య నన్ను పిలిపించాడు. సుధను లోపల పెట్టి తాళం వేసి పోయాను. అరుగు మీద పది పదిహేను మంది ఉన్నారు. శ్రీపాల్ చేతిలో పట్టకారు ఉంది. అది ఎందుకు తెచ్చాడని ఎవరూ అడగలేదు.

"సిద్దమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు. గా కాయితం మీద పేరు రాసిందెవరు?" అని అంజిలయ్య అడిగాడు.

"నేనే రాసిన" అన్నాను.

"మరి నీ మర్దలు గట్ల రాసిందేంది?" అని సుక్కమ్మ లేచింది.

"ఆమె పట్నంల ఉన్నది, ఆమెకేం ఎరుక? నన్ను తప్పించనీకి బిడ్డ మీదేసి రాసింది. పిల్లకేం తెల్వదు. దాని చేతికిచ్చి పంపిన, గంతే."

ఎందుకు చేశావని అడిగారు. పిల్లవాడికి దిష్టి తగిలిందని నాకు అనిపించి, అడగకుండా తీశాను, మంచికే చేశాను, అది తిరగబడింది అన్నాను. అంతకంటే వేరే మాట నాకు తోచలేదు. నీ ఆమ్లం చెబుదామని పోయేటప్పుడు అనుకున్నాను. ఆ ముఖాలు చూశాక, సుధ చేతనే మళ్లీ చేసి చూపించమంటారని భయం వేసింది. చూపిస్తే మంత్రమేనని నమ్ముతారు. అదే భయం.

చేసింది నువ్వే కాబట్టి నువ్వే వెనక్కి తీయాలన్నారు. తీస్తానన్నాను. "కానీ నేను తీసింది పట్టుకోవాలంటే పిల్లగాన్ని రేపు పొద్దుగాల్నే పట్నం పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. ఆడ సూదులేసినంకనే నాది పనిచేస్తది" అన్నాను. శ్రీపాల్ తల్లి వైపు చూశాడు. ఆమె నా ముఖం చూడకుండానే సరేనంది.

తడిబట్టలతో పోచమ్మ ముందు ప్రమాణం చేయమన్నారు. వాన పడుతూనే ఉంది. నా మీద నీళ్లు పోయాల్సిన పని లేకపోయింది. పేరు రాసింది నేనేనని ప్రమాణం చేశాను. తర్వాత వాళ్ల ఇంటికి పోయి పిల్లవాడి చుట్టూ ఉప్పు, మిరపకాయలు తిప్పాను. ఒళ్లు పెనంలా కాలుతోంది. మర్నాడు తీసుకుపోయారు. టైఫాయిడ్ అని చెప్పారట. పేగులకు పాకిందట. బతుకుతాడో లేదో ఇంకా తెలియదు.

నీ ఉత్తరం అందాక, ఇంకా వారం ఆగడం నాకు చేత కాలేదు. పిల్లవాడు పోతే నా ప్రమాణం ఎవరూ గుర్తుపెట్టుకోరు. బుధవారం మధ్యాహ్నం సుధను తీసుకుని బయలుదేరాను. ఎల్బీనగర్‌లో బస్సు మారేసరికి రోడ్డు మీద మోకాళ్ల దాకా నీళ్లు. పిల్లను చంకకెత్తుకున్నాను. దించమని ఒకటే గోల. నీళ్లు ఎంత లోతు ఉన్నాయో స్కేలుతో చూడాలట.

మీ నాన్నగారు గేటు దగ్గరకు వచ్చారు. "ఎవరు కావాలండీ?" అని అడిగారు. దేవేందర్ అక్కనని చెప్పాను. ఆయన ముఖం గట్టిపడింది. ఏం మాట్లాడాలో ఆలోచించుకునే సమయం ఆయనకు ఇవ్వలేదు. "ఇది మీ మనుమరాలు. మా వాడల దీన్ని ఉంచుకునేటట్టు లేదు. నన్నేమన్నా అనుండ్రి గాని దీన్ని లోపలికి తీస్కోండ్రి" అన్నాను.

ఆయన కాసేపు సుధ వైపు చూశారు. "పిల్ల వణికిపోతోంది. ఇద్దరూ లోపలికి రండి" అన్నారు. సుధను పంపి నేను గేటు నుంచే వచ్చేశాను. చివరి బస్సు దొరికింది. ఆ రాత్రి పట్నం మునిగిందని తర్వాత విన్నాను.

నీ చదువు ఆపకు.

సిద్దమ్మ


హయత్‌నగర్,
2 సెప్టెంబరు 2000.

వదిన గారికి,

ఇక్కడికి వచ్చి ఐదు రోజులైంది. మొదటి రోజు నాన్నగారు మాట్లాడలేదు. రెండో రోజు "అన్నం తిన్నావా" అన్నారు. సుధకు మాత్రం రోజూ లెక్కలు చెబుతున్నారు.

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నా చేతులతో నేనే పోస్టు చేశాను ఆ ఉత్తరం. మీరు దాన్ని మీ మీద వేసుకున్నారు. ప్రాజెక్టు ఇచ్చేశాను. మంచి మార్కులు వచ్చాయి. ఆ మాట మీకు రాయకూడదు, కానీ దాచిపెట్టడం ఇంకా తప్పనిపించింది.

మీరు అబద్ధపు ప్రమాణంతో ఆ వాడలో బతకడం నేను చూడలేను. మా లెక్చరర్ గారు, ఇంకో నలుగురు వస్తామంటున్నారు. అందరి ముందూ పసుపు, సున్నం, నిమ్మకాయ పెట్టి పెద్దవాళ్ల చేతనే చేయిస్తాం. ఆ పేరు ఎవరు రాశారో, ఎందుకు రాశారో నేనే నిలబడి చెబుతాను. వచ్చే ఆదివారం అనుకుంటున్నాం. మీరు ఊఁ అంటే చాలు. మీ తమ్ముడికి నిన్న అంతా చెప్పేశాను. ఇద్దరం కలిసే వస్తాం.

నిన్న అమ్మ పులిహోర కలుపుతూ సుధను నిమ్మకాయ పిండమంది. అది ముందు వెళ్లి వీధి తలుపు వేసి వచ్చింది. అత్త అబద్ధం ఎందుకు చెప్పిందని అడుగుతోంది. పెద్దయ్యాక చెబుతానన్నాను.

మీ
అరుణ


ఇబ్రహీంపట్నం,
7 సెప్టెంబరు 2000.

అరుణా,

ఆదివారం ఎవరూ రావద్దు. తమ్ముణ్ని కూడా ఆపు. ఈ ఉత్తరం అందకముందే బయలుదేరతారేమోనని హయత్‌నగర్ డిపోకు పోయే కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను.

సుధ అడిగినదానికి, పెద్దయ్యాక చెబుతానని చెప్పకు. అత్త భయపడి చెప్పిందని చెప్పు. అది నిజం.

అమరేందర్ బతికాడు. గండం గడిచిందని పోయిన వారమే తెలిసింది. మొన్న ఇంటికి తెచ్చారు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఆ వార్త విన్నప్పుడు నేను మిషను మీద తల పెట్టుకుని కాసేపు ఉండిపోయాను. ఇక అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. డాక్టర్లు పదిహేను రోజులు సూదులు వేశారు. కానీ సుక్కమ్మ వాడలో చెబుతున్నది వేరు. సిద్దక్క తీసింది కాబట్టే తగ్గిందంటోంది. శ్రీపాల్ వచ్చి నా ముందు కూర్చుని, "తప్పయింది సిద్దత్తా, మా మీద మనసుల పెట్టుకోకు" అన్నాడు. వాడికి నేనంటే ఇప్పుడు భయం. పట్టకారు పట్టుకున్నప్పుడు కూడా అంత భయం లేదు వాడి కళ్లలో.

జాకెట్లు మళ్లీ వస్తున్నాయి. కూలి బేరమాడడం లేదు. చెప్పిన రోజుకు ఇవ్వకపోయినా ఒక్కరూ తిట్టడం లేదు. నాకు అది బాగుండలేదు.

ఇప్పుడు నువ్వు వచ్చి ఆమె ఏమీ చేయలేదంటే నమ్మరు. మరదలు కూడా నేర్చిందే కదా అంటారు. నమ్మినా కష్టమే. పోచమ్మ ముందు అబద్ధం ఆడినదానికి వేరే పంచాయితీ పెడతారు.

ఈ వానలకు వాడంతా జ్వరాలే. సోమవారం ఒకరు, మంగళవారం ఇద్దరు పిల్లల్ని తెచ్చారు. తీయమంటారు. నాకేమీ రాదంటే, "వాళ్లకు తీసినవ్, మాకు తియ్యవా? మేమేం చేసినం నీకు?" అంటారు. దవాఖానకు పొమ్మంటే పోతున్నారు. డాక్టరు చెబితే పోనివాళ్లు నేను చెబితే పోతున్నారు. అది మంచికే అనుకుందామని చూశాను.

ఈరోజు పొద్దున కందుకూరు వైపు నుంచి ఒకామె మూడేళ్ల ఆడపిల్లను భుజాన వేసుకుని వచ్చింది. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. నా పేరు అంత దూరం పోయింది. పిల్ల కళ్లు తెరవడం లేదు. మూలుగు కూడా సరిగా లేదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగకు, బస్సు ఎక్కమన్నాను. "నువ్వు ముట్టందే నేను పోను" అని గడపలో కూర్చుంది. లేపితే లేవలేదు. బస్సు హారను వినిపిస్తోంది.

ముట్టాను. నుదుటి మీద చెయ్యి పెట్టి, ఇంక పో అన్నాను. పరుగెత్తి బస్సు ఎక్కింది.

ఇప్పుడు దీపాల వేళ అయింది. పట్నం నుంచి వచ్చే బస్సు ఆగినప్పుడల్లా లేచి పోయి చూస్తున్నాను. ఆమె ఇంకా రాలేదు.

సుధను పంపకు.

సిద్దమ్మ